సూర్యకుమారి ఎంచుకున్న ప్రెస్

కెనడాలో టొరంటో దగ్గరి మిల్టన్‌లో సూర్యకుమారి గారింటికి వచ్చిపోయే తెలుగువాళ్లకు ఆవిడ చేసే కందిపొడి తెలుసు, వేసవిలో ఇంటి వెనక పెంచే గోంగూర తెలుసు. ఆవిడకు రైఫిల్ ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దాచారని కాదు, అలాగని చెప్పుకున్నదీ లేదు. ఆదివారం పొద్దున ఎవరైనా ఫోన్ చేస్తే భర్త రాజగోపాల్ గారు ఎత్తి, "రేంజ్‌కి వెళ్లింది" అనేవారు. విన్నవాళ్లు గోల్ఫ్ అనుకునేవారు. అది తుపాకీ గురి సాధన చేసే చోటని ఆయన సరిదిద్దేవారు కాదు.

ఆవిడది తెనాలి. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో చేరారు. చేరింది రైఫిల్ కోసం కాదు, పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసమని ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. కానీ మొదటిసారి నేలమీద బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌ని భుజానికి ఆనించుకున్నప్పుడు, మైదానంలో గోలంతా ఎక్కడికో పోయి తన ఊపిరి ఒక్కటే తనకు వినిపించింది. ఆ తర్వాత పెళ్లి, కెనడా, కూతురు అమృత పెంపకం, షిఫ్టులు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊపిరి మళ్లీ వినిపించలేదు. దాని గురించి ఆలోచించే తీరిక కూడా లేదు.

వాన్ అనే ఊళ్లో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆవిడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. కంటికి కనిపించని తేడాను గేజ్ పెట్టి పట్టుకోవడం ఆవిడ పని. అదే ఫ్యాక్టరీలో తరాస్ అనే ఉక్రెయిన్ మూలాల పెద్దాయన లేత్ మీద పనిచేసేవాడు. ఒకరోజు లంచ్ దగ్గర ఆయన ఫోన్‌లో ఒక కాగితం టార్గెట్ ఫోటో అందరికీ చూపించాడు. నడిమధ్యన అయిదు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. తక్కినవాళ్లు బాగుందని తమ డబ్బాలు తెరుచుకున్నారు. సూర్యకుమారి గారు మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. వచ్చే ఆదివారం రమ్మని తరాస్ పిలిచాడు.

అలా యాభై దాటాక ఆవిడ సేఫ్టీ కోర్సు చేసి లైసెన్సుకు అప్లై చేశారు. ఇక్కడ భార్య తుపాకీ లైసెన్సు అడిగితే భర్తకు తెలియజేస్తారు. లైసెన్సు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన రోజున రాజగోపాల్ గారు లైన్‌లో ఉన్న మనిషిని ఒక్క నిమిషం ఆగమని, వంటింట్లోకి వచ్చారు.

"నిజంగా కావాలా సూర్యా?"

"కావాలండీ."

"ఎందుకు?"

"తెలిస్తే మీకే ముందు చెప్తాను."

ఆయన మళ్లీ ఫోన్ దగ్గరికెళ్లి, తనకు అభ్యంతరం లేదన్నారు.

చిన్న రైఫిల్‌తో మొదలుపెట్టి, 2022 నాటికి ఆవిడ వెయ్యి గజాల దూరం దాకా కొట్టే పెద్ద రైఫిల్‌కి చేరుకున్నారు. దాని తూటా ఒక్కొక్కటి ఆవిడ మధ్యవేలికంటే పొడవు. కోవిడ్ రోజుల నుంచీ అలాంటి తూటాలు దుకాణాల్లో దొరకడమే గగనమైపోయింది. అందుకని రేంజ్‌లో చాలామందిలాగే ఆవిడా కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చుకుని, ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం నేర్చుకున్నారు. కాల్చినప్పుడు ఇత్తడి గొట్టం కొంచెం ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ కొలతకు నొక్కడానికి, చివర్లో కొత్త గుండును నిటారుగా కూర్చోబెట్టడానికి ఒక ప్రెస్ కావాలి. బల్లకు బిగించే ఇనుప చట్రం, పక్కన ఒక పిడి. పిడి కిందికి లాగితే లోపలి కడ్డీ గొట్టాన్ని పైకెత్తి అచ్చులోకి నెడుతుంది. చూడ్డానికి అంతే.

ఆవిడ దగ్గరున్నది చిన్న ప్రెస్. రేంజ్‌లో పరిచయమైన ఒకాయన వద్దనుకుని ఇచ్చేస్తే తెచ్చుకున్నది. అల్యూమినియంతో చేసిందీ, ఒక పక్క తెరిచి ఉండేదీ. చిన్న తూటాలకు బాగానే పనికొచ్చేది. పెద్దవాటితో వచ్చింది చిక్కు. ఆ లావు గొట్టాన్ని అచ్చులోకి నెట్టాలంటే పిడి మీద ఒళ్లంతా బరువు వేయాల్సివచ్చేది. అప్పుడు చట్రం తెరిచి ఉన్న పక్కకి రవ్వంత విచ్చుకునేది. కంటికి తెలియదు. కానీ తయారైన తూటాను గేజ్ కింద పెట్టి తిప్పితే ముల్లు అటూ ఇటూ ఊగేది. గుండు వంకరగా కూర్చుందన్నమాట. పైగా చట్రం నోరు పొట్టిది. పొడుగు గొట్టం మీద గుండు పెట్టి లోపలికి దూర్చాలంటే రెండింటినీ ఏటవాలుగా పట్టుకుని తంటాలు పడాలి. రోజంతా ఫ్యాక్టరీలో ఇతరుల వంకరలు పట్టుకునే మనిషికి సొంత బల్ల మీద వంకర తట్టుకోవడం కష్టమైంది.

తరాస్‌ని అడిగితే తన దగ్గరున్నలాంటి ప్రెస్సే తీసుకోమన్నాడు. దాని పైన గుండ్రటి తల ఉంటుంది, అందులో అచ్చులన్నీ బిగించే ఉంటాయి, తల తిప్పుకుంటూ పోవడమే. దుకాణంలో అబ్బాయి ఇంకోటి చూపించాడు. అది పిడి లాగిన ప్రతిసారీ నాలుగైదు గొట్టాల మీద నాలుగైదు పనులు ఒకేసారి చేస్తుంది, తుపాకీమందు కూడా అదే పోస్తుంది. పెద్ద తూటాలకు పనికొచ్చే మోడల్ కూడా ఉందట. దాన్ని చూస్తే ఆవిడకు ముచ్చటేసింది. వారమంతా షిఫ్టులు, శనివారం ఇంటిపని. గంటలో పనంతా తెమిలిపోతే అంతకంటే ఏం కావాలి? దాదాపు దాన్నే తీసుకుందామనుకున్నారు.

అంతలో సాత్విక వచ్చింది.

అవి విద్యార్థులు గుంపులు గుంపులుగా వస్తున్న రోజులు. ఏ బస్సు ఎక్కినా తెలుగు వినిపించేది. తొందరపడి వచ్చిన పిల్లలు గదులు దొరక్క హాల్లో పరుపులు వరసగా పరుచుకుని పడుకునేవారు. రాజగోపాల్ గారు టొరంటో ఆఫీసు నుంచి గో ట్రైన్ అనే లోకల్ రైల్లో వస్తుండగా ఎదురు సీట్లో ఒక అమ్మాయి ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. "రూమ్ మస్తుందమ్మా. కిటికీ కెళ్లి చెట్లు కనవడ్తయి" అంటోంది. ఫోన్ పెట్టేశాక సూట్‌కేసు మీద తల ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఆ గదీ లేదు, ఆ కిటికీ లేదు, స్నేహితురాలింట్లో ఇక ఉండొద్దన్నారని ఆయన నెమ్మదిగా అడిగి తెలుసుకున్నారు. అమృత ఉద్యోగానికి హాలిఫాక్స్ వెళ్లాక బేస్‌మెంట్‌లో తన గది ఖాళీగానే ఉంది. ఆ సాయంత్రమే సాత్విక ఆ గదిలో దిగింది.

ఊరు జగిత్యాల దగ్గర. కాలేజీకి వెళ్లని రోజుల్లో వాన్‌లో ఒక గిడ్డంగిలో పని. సూర్యకుమారి గారి ఫ్యాక్టరీ అటే కాబట్టి ఇద్దరూ ఒకే కారులో వెళ్లేవారు. దారిలో సాత్విక తన ఊరి బతుకమ్మ గురించీ, ఆవిడ తన ఫ్యాక్టరీ గురించీ చెప్పుకునేవారు. రైఫిల్ మాట రాలేదు. రైఫిల్ మేడమీద తాళం వేసిన బీరువాలో ఉంది. తుపాకీమందు, చట్టం చెప్పినట్టు, వేరే చోట భద్రంగా ఉంది. ప్రెస్ ఉన్న బల్ల మాత్రం సాత్విక గది పక్కనే, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ ఉండే చిన్న గదిలో ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సాత్వికకు గోడ అవతల నుంచి దడ్ దడ్‌మని చప్పుడు వినిపించింది. ఆంటీ ఏదో దంచుతున్నారనుకుని సాయం చేద్దామని తలుపు తోసింది. బల్ల మీద వరసగా నిలబెట్టిన ఇత్తడి గొట్టాలు దీపం వెలుగులో మెరుస్తున్నాయి.

"ఏందాంటీ ఇవి?"

"తూటాలమ్మా. ఖాళీవే. వీటిలో ఏమీ లేదు."

సాత్విక గుమ్మంలోనే ఆగిపోయింది. సూర్యకుమారి గారు పిడి వదిలేసి లేచారు.

"భయపడకు. నేను టార్గెట్ షూటింగ్ చేస్తాను. ఇక్కడ అది ఆటే. లైసెన్సు ఉంది, అన్నీ తాళంలో..."

"ఇంట్ల తుపాకి ఉందా ఆంటీ?"

"ఉంది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వచ్చేదానివా?"

"రాకపోదును."

"అందుకే చెప్పలేదేమోనమ్మా. కావాలని దాచలేదు. కానీ నోరు కూడా రాలేదు."

సాత్విక మెట్ల మీద కూర్చుంది. "మా అమ్మకు ఇద్దరన్నలుండె ఆంటీ. ఇప్పుడు ఒక్కరే ఉన్నరు. నేను పుట్టకముందు ముచ్చట. మా దిక్కు తుపాకి అంటే అడవిలున్నోళ్లదన్న అయితది, పోలీసోళ్లదన్న అయితది. ఎవరొచ్చి తలుపు కొట్టినా గుండె జారేదట. మా అమ్మ ఇప్పటికి కూడా దీపావళికి పటాకులు కాల్వనియ్యది. ఇక్కడ తుపాకి ఉన్న ఇంట్ల ఉంటున్న అని ఆమెకు నేనేం జెప్పాలె?"

గుంటూరు మైదానం, పూరీలు, బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన తన పద్దెనిమిదేళ్ల వయసు, అన్నీ ఒక్కసారి సూర్యకుమారి గారి కళ్లముందు తిరిగాయి. అదే వస్తువు. ఒకరింట్లో సరదా, ఇంకొకరింట్లో మనిషి లేకుండా పోవడం. రెండూ అబద్ధాలు కావు.

"వెళ్లాలనిపిస్తే వెళ్లమ్మా, నేనేమీ అనుకోను. మంచి చోటు దొరికేదాకా ఉండు. అంతవరకూ ఈ చప్పుడు నీకు వినిపించదు" అన్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆవిడ రేంజ్‌కి వెళ్లలేదు. ఇత్తడి గొట్టాలన్నీ డబ్బాలో వేసి మూతపెట్టేశారు. ఒక సాయంత్రం వంటింట్లో చపాతీలు వత్తుతూ భర్తతో అన్నారు.

"అమ్మేద్దామనుకుంటున్నానండీ, అంతా."

రాజగోపాల్ గారు కూరగాయలు తరగడం ఆపలేదు. "ఆ పిల్ల కోసమా, నీ కోసమా?"

"తేడా ఏముంది?"

"ఉంది. ఆ పిల్ల కోసమైతే అమ్మకు. అమ్మితే వాళ్ల మామయ్య తిరిగి రాడు. నీకే ఇక వద్దనిపిస్తే అమ్ము, నేనే ఫోటోలు తీసి పెడతాను."

తనకే వద్దనిపిస్తోందా? ఆవిడ ఆ ప్రశ్నను ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు, తిరిగి ఇంటికి తెచ్చారు. తుపాకీ మీద తనకు ప్రేమ లేదని ఆవిడకు తెలుసు. వేట మీద అసలే లేదు. ప్రేమ ఉన్నది గాలినీ దూరాన్నీ తన వేలినీ ఒక్కచోటికి తెచ్చే ఆ కొద్ది క్షణాల మీద. దానికోసం తన చేత్తో తయారుచేసుకునే తూటా మీద. అయితే ఇన్నాళ్లూ ఆ తూటాను తను చూసింది ఒక విడిభాగంలాగే. పొడవెంత, వంకరెంత, బరువెంత. అది ఏం చేయగలదో తనకు తెలియదా? తెలుసు. ఆలోచించలేదంతే. ఇకనుంచి ఆలోచించకుండా ఉండడం కుదరదు. ఆలోచిస్తూ కూడా చేయగలనా అన్నదే అసలు సంగతి.

చేయగలననే అనిపించింది. కానీ మునుపటిలా కాదు.

ముందు బల్లను గరాజ్‌లోకి మార్చారు. భార్యాభర్తలిద్దరూ తలో పక్క పట్టుకుని, మెట్ల దగ్గర పోట్లాడుకుంటూ మోశారు. చలికాలం కాబట్టి చిన్న హీటర్ పెట్టుకున్నారు. కానీ అక్కడి నేల మీద ఆ పల్చటి బల్ల ఊగిపోయింది, దానితోపాటు ప్రెస్సూ ఊగింది. రాజగోపాల్ గారు మందపాటి చెక్కలు తెచ్చి కొత్త బల్ల కొట్టి, గోడకు బోల్టులతో బిగించారు. ఇక ప్రెస్ ఏదో తేల్చుకోవాలి.

ఆ నవంబరులో విద్యార్థుల పనికి ఉన్న వారానికి ఇరవై గంటల పరిమితి తాత్కాలికంగా ఎత్తేశారు. సాత్వికకు శనివారాలు కూడా షిఫ్టు దొరికింది. ఆవిడకు ఆ రోజు సెలవే అయినా తనే దింపుతానని బయల్దేరారు. ప్రెస్‌లు అమ్మే ఆ దుకాణం దారిలోనే ఉంది.

"కొంచెంసేపు ఆగుదామా? నీ షిఫ్టుకి ఇంకా టైముంది. నువ్వు కారులో కూర్చో, హీటర్ వేసి ఉంచుతాను."

సాత్విక దుకాణం బోర్డు చూసింది. తుపాకుల బొమ్మ చూసింది. "కార్ల ఒక్కదాన్ని కూసుంటే ఇంక ఎక్కువ భయమైతది ఆంటీ. నేనూ వస్త" అంది.

లోపలికి వచ్చి చేతి గ్లోవ్స్, మంచు బూట్లు ఉన్న వైపే నిలబడింది. గోడ మీది రైఫిళ్ల వైపు చూడలేదు. సూర్యకుమారి గారు బ్యాగులోంచి రెండు ఖాళీ గొట్టాలు, రెండు గుండ్లు, తన గేజ్ తీసి కౌంటర్ మీద పెట్టారు. దుకాణం అబ్బాయికి ఆవిడ అలవాటే. డెమో బల్ల మీద బిగించి ఉన్న మూడు ప్రెస్‌లూ చూసుకోమన్నాడు.

గుండ్రటి తల ఉన్నదాన్ని ముందు చూశారు. బాగుంది. కానీ బలంగా నొక్కినప్పుడు ఆ తల ఒక పక్కకి రవ్వంత లేస్తోంది. తిరిగే వస్తువుకు ఆ మాత్రం సందు ఉండక తప్పదు. చిన్న తూటాలకైతే ఆవిడా పట్టించుకునేవారు కాదు.

తర్వాత ఒకేసారి అన్ని పనులూ చేసేది. కొద్దివారాల కిందట ముచ్చటపడ్డ యంత్రం. పిడి లాగితే గొట్టాలు నిలబెట్టే పళ్లెం చకచకా తిరిగింది. ఈసారి ఆవిడకు ఏ గొట్టం ఏ పనిలో ఉందో చూడ్డానికి కళ్లు చాలలేదు. ఒకదాంట్లో మందు తక్కువ పడినా, ఎక్కువ పడినా చూసుకునేలోపల పళ్లెం ముందుకు పోతుంది. జాగ్రత్తగా వాడేవాళ్లు వాడుతూనే ఉంటారు, అందులో తప్పు లేదు. కానీ తను కాల్చేది ఆదివారానికి ఒక గుప్పెడు. గుప్పెడు తూటాలకు ఇంత తొందరెందుకు? తన చేతిలోంచి ఏది ఎలా వెళ్లిందో తెలియకుండా ఒక్కటి కూడా వెళ్లకూడదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మూడోది అన్నిటికంటే మొరటుగా ఉంది. పోత ఇనుముతో ఒకే ముక్కగా పోసిన చట్రం, ఏ పక్కా తెగిపోకుండా ఉంగరంలా చుట్టుకుని ఉంది. ఒకేసారి ఒక అచ్చు, ఒక గొట్టం, ఒక పని. అన్ని గొట్టాలకూ ఆ పని అయ్యాక అచ్చు విప్పి ఇంకోటి బిగించాలి. నోరు మాత్రం పొడుగ్గా ఉంది. పొడవాటి గొట్టం మీద గుండు పెట్టి నిలువుగా, తీరుబడిగా లోపలికి పంపించారు. పిడి పొడవుగా ఉండడంతో ఒళ్లు వాల్చనక్కర్లేకుండానే కడ్డీ మెత్తగా పైకి లేచింది. గుండు కూర్చుంది. బయటికి తీసి గేజ్ కింద తిప్పారు. ముల్లు దాదాపు కదల్లేదు. రెండోది కూడా చేశారు. అదీ అంతే.

పక్కన ఎవరో నిలబడినట్టనిపించి చూస్తే సాత్విక.

"దడ్ దడ్ మనేది ఇదేనా ఆంటీ?"

"ఇలాంటిదే. ఇది ఆ చప్పుడు చేయదనుకుంటా."

"నేను లాగొచ్చా? ఉట్టిగనే, ఏం పెట్టకుండ."

ఆవిడ గొట్టాలు తీసి పక్కన పెట్టి జరిగారు. సాత్విక రెండు చేతులతో పిడి పట్టుకుని కిందికి లాగింది, వదిలింది, మళ్లీ లాగింది.

"బోరింగు కొట్టినట్టే ఉంది ఆంటీ" అని నవ్వింది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ ముందు నవ్వడం అదే మొదలు. అంతలోనే నవ్వు తగ్గించుకుంది. "నాకిది నచ్చిందని కాదు."

"నచ్చాలని నేనూ అడగనమ్మా."

ఆ ఇనుప ప్రెస్‌నే తీసుకున్నారు. సాత్విక ఒక పక్క పట్టుకుంటే కారు డిక్కీలో పెట్టారు. సాత్వికను గిడ్డంగి దగ్గర దింపి ఆవిడ ఇంటికి వచ్చారు.

చలికాలమంతా గరాజ్‌లో పని నెమ్మదిగా సాగింది. ఒక్కో గొట్టాన్నీ చేతిలోకి తీసుకోవడం, దాని మెడ చూడటం, నొక్కడం, మళ్లీ చూడటం. మునుపు విసుగనిపించే పని ఇప్పుడు అలా అనిపించలేదు. కొన్నిసార్లు ఒక గొట్టాన్ని పట్టుకుని ఊరికే కూర్చునేవారు. సాత్విక వాళ్ల మామయ్య పేరు ఆవిడకు తెలియదు. అడగాలనిపించేది, అడిగే హక్కు తనకు లేదనిపించి మానేసేవారు.

ఏప్రిల్‌లో సాత్విక వెళ్లిపోయింది. స్నేహితురాళ్లకు కిచెనర్‌లో ఇల్లు దొరికింది, అక్కడే ప్లేస్‌మెంట్ కూడా. వెళ్లే రోజు సామాను సర్దుకున్నాక ఆవిడ దగ్గరికి వచ్చింది.

"నేను పోయేది దాని గురించి కాదాంటీ." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "కొంచెం అది గూడ ఉంది."

"తెలుసమ్మా. నిజం చెప్పావు, అది చాలు."

"మీరు మంచోళ్లు ఆంటీ. ఆ గది పక్కన ఉన్నన్ని రోజులు మా అమ్మకు సగమే చెప్పిన. ఇప్పుడు అంతా చెప్త."

ఆవిడ కందిపొడి డబ్బా చేతికిచ్చారు. సాత్విక వంగి కాళ్లకు దండం పెట్టబోతే పట్టుకుని ఆపి, దగ్గరికి తీసుకున్నారు. కారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

గది ఖాళీ అయిందని తెలిసి ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి ఆవిడ ముందే చెప్పడం మొదలుపెట్టారు. "ఇంట్లో రైఫిల్ ఉందమ్మా, తాళంలో ఉంటుంది. గరాజ్‌లో తూటాలు నింపుకుంటాను. ఇష్టమైతేనే రా." మొదట ఒకమ్మాయి మళ్లీ చేస్తానని పెట్టేసింది, చేయలేదు. ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని, ఇవన్నీ మాకెందుకండీ అన్నాడు. మీరన్నది సబబేనని ఆవిడ ఒప్పుకున్నారు. రాజగోపాల్ గారు, "ఇలా చెప్తూపోతే గది అలాగే ఉండిపోతుంది" అంటే, "ఉండనివ్వండి" అన్నారు. చివరికి ఇషిత అనే విజయవాడ పిల్ల మొత్తం విని, "ఓకే ఆంటీ. వైఫై స్పీడ్ ఎంతొస్తుంది?" అని అడిగింది. మర్నాడే దిగిపోయింది.

మే నెలలో ఆవిడ మళ్లీ రేంజ్‌కి వెళ్లారు. తరాస్ వచ్చాడు. దూరంగా మట్టి గట్టు ముందు తెల్లరంగు వేసిన ఉక్కు పలక నిలబెట్టి ఉంది. ఆవిడ బోర్లా పడుకుని, ఒక్కో తూటానూ అరచేతిలో ఓసారి చూసుకుని లోపల పెట్టారు. మొదటి నాలుగూ పలక మధ్యనే తగిలాయి. కాల్చిన కాసేపటికి దూరం నుంచి సన్నటి మోత వినిపించేది. అయిదోది పలక అంచుకూ తగల్లేదు, గట్టు మీద దుమ్ము లేచింది.

"ఇక ప్రెస్ మీద నెట్టడానికి వీల్లేదు. ఈ తప్పు నాదే" అన్నారావిడ. ఆ మాట అనడంలో ఆవిడకు చిత్రంగా సంతోషమే కలిగింది. తరాస్ తలూపి, గాలి మారిందని ఎడమవైపు జెండా చూపించాడు.

ఆ రోజు రాజగోపాల్ గారు కూడా మొదటిసారి ఆవిడతో వచ్చారు. చెవులకు మఫ్స్ పెట్టుకుని, వెనకాల మడత కుర్చీలో ఫ్లాస్క్‌లోని టీ తాగుతూ కూర్చున్నారు. కాల్పులు ఆపిన విరామంలో ఆవిడ రైఫిల్ ఖాళీ చేసి పక్కన పెట్టి, మూడుకాళ్ల స్టాండు మీదున్న దూరదర్శిని చూపించి ఆయన్ని పిలిచారు. ఆయన కళ్లజోడు తీసి వంగి చూశారు.

"పలక కదుల్తోందేంటి సూర్యా?"

"పలక కాదండీ. ఎండకి లేచిన గాలి అది. కాస్త వెనక్కి ఫోకస్ తిప్పండి, నీళ్లలా పారుతూ కనిపిస్తుంది."

ఆయన నెమ్మదిగా తిప్పారు. "అవును. కుడికి పోతోంది."

"ఎంత జోరుగా పోతోందో చెప్పగలరా?"

"ఉండు. చూడనీ" అని ఆయన మోకాళ్ల మీద కూర్చుని, మళ్లీ కన్ను ఆనించారు.